తెర వెనక పుట్ట

ఆ ఉదయం గణపతిరావు రెండే పనులు పెట్టుకున్నాడు. ఒకటి కాఫీ తాగడం, రెండోది పుట్ట పెట్టడం. కాఫీ పని తొందరగానే అయింది.

సాలూరులో శ్రీముఖలింగ టాకీస్ అతని తండ్రి కట్టించిన పెంకుటి హాలు. గోడలు, బెంచీలు, మిషను అన్నీ గణపతిరావువే. కింద నేల మాత్రం లారీల జగన్నాధానిది. అరవై ఎనిమిదో సంవత్సరంతో లీజు తీరిపోయింది. కార్తీక పున్నమి వెళ్లగానే హాలు పడగొట్టి లారీ షెడ్డు వేస్తానని జగన్నాధం కూర్చున్నాడు. గణపతిరావుకి పొలముంది, హాలు పోతే పస్తులుండడు. కానీ అతను నడక నేర్చింది ఆ బెంచీల మధ్యనే. ఆ హాలు లేని ఊళ్లో పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

జగన్నాధం మనిషి మాట వినడు గాని, దేవుడి మాట దాటడు. చక్రం కింద నిమ్మకాయ నలగందే అతని లారీ కదలదు. అడ్డం వచ్చిన పుట్టని తవ్వలేక ఇంటి ప్రహరీగోడనే వంకరగా కట్టించుకున్నాడు. ఆ వంకర గోడని చూసినప్పుడే గణపతిరావుకి ఈ ఆలోచన పుట్టింది.

"పుట్ట మనం పెడతామేటి బాబూ? దానంతటది లేస్తాది గాని," అన్నాడు మిషను ఆపరేటరు కూర్మయ్య.

"అంతవరకూ జగన్నాధం ఆగొద్దా? నువ్వు లేపు."

ఏటా వినాయకుళ్లని చేసిన చెయ్యి కూర్మయ్యది. వేగావతి గట్టు మట్టి తెచ్చి, తెర వెనక మధ్యాహ్నానికల్లా బొరియలతో సహా పుట్ట లేపాడు. లేపి, చెయ్యి కడుక్కొచ్చి, దానికే దండం పెట్టుకున్నాడు.

"ఒరే, నీకేటయ్యిందిరా?"

"ఏమో బాబూ, సూస్తే బయమేసినాది."

సాయంత్రం కొలతల టేపుతో వచ్చిన జగన్నాధం తెర వెనక్కి వెళ్లాడు. టేపు జారి కింద పడింది. చెప్పులు విడిచి, పొట్ట అడ్డం వస్తున్నా లెక్కచెయ్యకుండా సాష్టాంగపడ్డాడు.

"బావా! స్వామి ఇక్కడున్నాడని ముందే సెప్పకపోనావేటి? ఎంత పాపం సేసీసేవోడిని!"

"మొన్నటిదాకా లేదు. ఇప్పుడే లేసినాది," అన్నాడు గణపతిరావు. అందులో అబద్ధం లేదు.

"షెడ్డూ లేదు, గిడ్డూ లేదు. ఈ హాలు మీద గునపం పడితే నాను జగన్నాధాన్నే కాను!"

గణపతిరావు ఆ పూట కడుపునిండా తిన్నాడు. మర్నాడు నాగుల చవితి అన్న సంగతి ఒక్కటే మరిచిపోయాడు.

తెల్లారేసరికి, జగన్నాధం నోట పుట్ట సంగతి విన్న ఊరి ఆడవాళ్లంతా పాలచెంబులతో, చిమ్మిలి ఉండలతో హాలు ముందు నిలబడ్డారు. పోసిన పాలు ముందు బెంచీల దాకా పారాయి. చిచ్చుబుడ్డి రవ్వ ఎగిరి తెరకి చిల్లి పెట్టింది. "తెర కాలిపోతన్నాది!" అని గణపతిరావు మొత్తుకుంటే, దానికి జగన్నాధం మంచి మార్గం చూశాడు. స్వామి అందరికీ కనబడతాడని తెరనే ఊడదీయించాడు.

"ఇకని ఇక్కడ సినిమాల్లేవు బావా. స్వామి ఎదట బీడీలేటి, ఈలలేటి, కత్తియుద్దాలేటి! గుడి కడదాం. దర్మకర్తవి నువ్వే!"

బెంచీలు బయటికి పోయాయి. గేటు దగ్గర లారీ క్లీనరు కాపలా కూర్చున్నాడు. హాలు నిలబడింది, ఆటే పోయింది. గణపతిరావుకి ఏడుపొచ్చింది. ఇక లాభం లేదని వెళ్లి నిజం చెప్పేశాడు.

"ఆ పుట్ట నానే పెట్టించినాను జగన్నాధం. కూర్మయ్య సేసినాడు."

జగన్నాధం కళ్లు చెమర్చాయి. "మరి నీ సేత పెట్టించినోడెవుడు బావా? ఆయనే! ఊళ్లో ఇంతమందుండగా నిన్నే ఎంచుకున్నాడు!" అంటూ కాళ్లకి దండం పెట్టి, కూర్మయ్యకి కొత్త పంచెల చాపు పంపించాడు.

జగన్నాధం తల్లి మరిడమ్మ. మొగుడు పోయిన ఏడాది, పసివాడైన జగన్నాధాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ హాలుకి రావడం మొదలెట్టింది. తనివితీరా ఏడవాలంటే ఆమెకి అంతకన్నా మంచి చోటు దొరకలేదు. చీకట్లో ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. అప్పట్నుంచి ఏ బొమ్మ మారినా మేట్నీకి ఆమె ఆడవాళ్ల నేల క్లాసులో ఉండాల్సిందే. అలాంటిది ఇప్పుడు రోజూ ఆ వేళకి భజన వింటోంది. చివరికో శుక్రవారం తాళాల మధ్య జుట్టు విరబోసుకుని లేచింది.

"ఒరే జగన్నా!"

వేపమండలొచ్చాయి, కర్పూరం వెలిగింది. జగన్నాధం కన్నతల్లి ముందు చేతులు కట్టుకుని, "స్వామీ!" అన్నాడు.

"నాకు గుడి కావలిస్తే గుళ్లో ఎలవనేటిరా? సినిమా హాల్లో ఎందుకెలిసినాను? ఆట ఏదిరా?"

"ఏ ఆట స్వామీ?"

"మేట్నీ!"

"రోజూ బజన సేస్తన్నాం కదా..."

"సేస్తన్నారు. ఇనలేక సస్తన్నాను. తెర కట్టు! కట్టకపోతే నీ లారీ ఒక్కటి కూడా కొండ గాటీ ఎక్కదు!"

జగన్నాధం స్వయంగా నిచ్చెనెక్కి తెర కట్టాడు. క్లీనర్లు పరుగున బెంచీలు మోశారు. కూర్మయ్య పెట్టెలో మిగిలిపోయిన బొమ్మ ఎక్కించాడు. చిల్లి తెర మీద వెలుగు పడగానే గణపతిరావు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. పూనకం ఎప్పుడు దిగిందో గాని, మరిడమ్మ తన పాత స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పక్కనుంచి పోతున్న గణపతిరావుని పంచె చెంగు పట్టి ఆపింది.

"పుట్ట బాగా కుదిరింది నాయినా. ఏగావతి మట్టేనా?"

"అవునత్తా," అన్నాడు గణపతిరావు.

నేల స్వామిది, స్వామికేమో సినిమా కావాలి కాబట్టి జగన్నాధం మళ్లీ లీజు మాటెత్తలేదు. ఆ తర్వాత గేటు దగ్గర మరిడమ్మని టిక్కెట్టు అడిగినవాడూ లేడు. నెల తిరిగేసరికి ఆడవాళ్ల నేలలో పూనకాలు ఎక్కువయ్యాయి.