రెండో కొస

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఆమె తన కొస వదిలేసి వెళ్ళిపోయింది. తప్పు ఆమెదే. ఇందులో చర్చించడానికేమీ లేదు.

ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ మొగుడూ పెళ్ళాలు లాడ్జి బట్టల గదిలో దుప్పట్లు మడిచారు. ఆమె పోయాక ఇప్పుడు ఆయన ఇంట్లో రెండో కొసను కిటికీ చువ్వకు కట్టి ఒక్కడే మడుస్తున్నాడు. కిటికీ ఎదురు నడిచి రాదు.

ఆ ఉదయం ఉతికిన చొక్కా వేసుకుని కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఆసుపత్రిలో మెదడు పరీక్షల గదిలో టెక్నీషియన్. కొత్త యంత్రాన్ని తనే అమర్చింది. పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ వచ్చేసరికి దాన్ని తండ్రి తలకు తగిలించి చూపించాలి. సవ్యంగా నడిస్తే కూతురి ఉద్యోగం ఖాయం. లేకపోతే నెలాఖరుకు ఇంటికే.

"నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యకూడదు నాన్నా. కళ్ళు మూసుకుని తీరిగ్గా ఉంటే మెదడు వెనకవైపు సెకనుకు పదిసార్లు ఒక అల ఊగుతుంది. ఆల్ఫా అంటారు. కళ్ళు తెరిచి దేన్నైనా చూస్తే అది తగ్గిపోతుంది. అంతే."

"ఊరికే కూర్చోడానికి ఇంత యంత్రమా?"

"కూర్చో ముందు."

టోపీ తొడిగి, వైర్లు తగిలించి, జిగురు పూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఖాళీగా ఉందామనే మూసుకున్నాడు. కానీ దుప్పటి అవతలి కొసన పెళ్ళాం అప్పటికే నిలబడి ఉంది. "పట్టు, పట్టు" అని తొందరపెడుతోంది. పట్టుకున్నాడు.

తెర మీద అల జాడ లేదు.

జిగురు ఆరిందేమోనని కూతురు మళ్ళీ పూసింది. అది చెవిలోకి కారింది. అల రాలేదు. "కళ్ళు తెరువు నాన్నా" అంది. తెరిచాడు. ఎదుట గోడ ఉంది. ఆమె లేదు. తెర నిండా అల లేచింది.

"ఇదేంటి, తిరగబడింది" అని కూతురు ఎలక్ట్రీషియన్‌ను పిలిచింది. అతను యంత్రాన్ని కిందా మీదా చూసి తేల్చేశాడు.

"ఫ్యాను కరెంటు అడ్డొస్తోందమ్మా. పెద్దాయనా, మూసుకోండి కళ్ళు."

ఫ్యాను ఆపాడు. అల రాలేదు. ట్యూబులైటు ఆపాడు. రాలేదు.

"అయితే లిఫ్టు మోటారే. గోడకవతలే ఉంది దొంగది" అని వెళ్ళి మెయిన్ లాగేశాడు. బిల్డింగంతా కరెంటు పోయింది. యంత్రం మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.

లోపల ఆయన ఆమెను బతిమాలుతున్నాడు. కాసేపు పో, పిల్ల ఉద్యోగం పోయేలా ఉంది అన్నాడు. ఆమె ఎప్పుడు మాట విన్నది గనక. ఇంకో దుప్పటి విదిల్చింది. ఇది ఆరోది.

గోడ అవతల దబదబా బాదుతున్న చప్పుడైంది. పదకొండయింది. డాక్టరమ్మ సమయానికే వచ్చింది, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యకు.

ఆమెను పైకి లాగేసరికి ఒక చెప్పు లిఫ్టు సందులో పడిపోయింది. ఒంటి చెప్పుతోనే గదిలోకి వచ్చింది.

"పాడైంది యంత్రమా, మనిషా?"

"యంత్రమేనండి" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అయితే నువ్వు కూర్చో."

కూర్చుని కళ్ళు మూశాడో లేదో, తెర మీద నిండుగా అల.

"ఏం ఆలోచిస్తున్నావయ్యా?"

"ఏం లేదండి" అన్నాడు గర్వంగా.

యంత్రం బాగానే ఉందని తేలింది. మళ్ళీ పెద్దాయనకు టోపీ పెట్టారు. డాక్టరమ్మ ఆయన చేత కళ్ళు మూయించి, తెరిపించి, మళ్ళీ మూయించి తెర చూసింది.

"కళ్ళు మూసుకున్నప్పుడే ఈయన ఏదో చూస్తున్నారు. తెరిస్తే ఏదీ చూడట్లేదు. ఇదిగో, ఇది చేతులను నడిపే చోటు. చెయ్యి కదిపినా, కదిపినట్టు తలచుకున్నా ఇక్కడి అల పడిపోతుంది. పడుతోంది, కాసేపు లేస్తోంది, మళ్ళీ పడుతోంది. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి."

కూతురు తెర చూస్తూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. విదిలించడం. లాగడం. అంచులు కలపడం. తర్వాత, అవతలి మనిషి నడిచొచ్చి తన కొస చేతికిచ్చేంత ఆగడం. చిన్నప్పుడు ఆ దుప్పట్ల కింద దూరి ఆడుకున్న పిల్ల ఆమె. ఆ లెక్క మరిచిపోలేదు.

"అంతగా ఏం చూస్తున్నారండీ?" అంది డాక్టరమ్మ.

"కునుకు పట్టింది."

"కునుకు ఇలా ఉండదు."

"యంత్రం కొత్తది కదా. నేర్చుకుంటుంది లెండి."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంత సన్నని తేడా చూపించేలా అమర్చిన పిల్లను నేను వదులుకోను. మీరు వారానికోసారి వస్తారా?"

"రాను."

చెవిలో జిగురుతోనే బయటికి నడిచాడు. లిఫ్టు ఇంకా పనిచేయడం లేదు. కూతురు మెట్ల దాకా వచ్చింది.

"ఆదివారం నేనొచ్చి రెండో కొస పట్టుకుంటా నాన్నా."

"నీకు అంచులు కలపడం రాదు."

నాలుగు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"తొమ్మిదింటికి రా. ఆలస్యమైతే కిటికీ ఉంది. ఇక ఈ సంగతి జన్మలో నా దగ్గర ఎత్తకు."