నేరేడుకు పసుపు నూలు

ఆ శుక్రవారం పొద్దున కోమల అనుకున్నది చిన్న పనే. తెల్లవారగానే కొండ కింద చిట్టడవికి పోవాలి, కొట్టవలసిన చెట్లకు గుర్తులు పెట్టించాలి, ఇంటికొచ్చి కాఫీ తాగాలి, రంపం వాళ్లు రాగానే పని అప్పజెప్పాలి. సాయంత్రానికి అడవి పలచన కావాలి. కాకపోతే మరునాడే జేసీబీతో అంతా చదును చేసి, వరసగా నీలగిరి తైలం చెట్లు నాటిస్తానని గుడియాత్తం నేత సంఘం అధ్యక్షుడు రంగస్వామి సభలో చెప్పేశాడు.

సంఘం భూమిలో ఆ అడవిని పెంచింది కోమల భర్త గోవిందరాజు. మగ్గం దిగగానే అక్కడికి పోయి వేప, కానుగ, నేరేడు, చింత, ఏ మొక్క దొరికితే అది నాటేవాడు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

"అన్న ఉన్నన్నాళ్లూ మేం నోరెత్తలేదు వదినా. ఇది తోటనా, కలగూరగంపనా?" అన్నాడు రంగస్వామి.

కోమల కన్నీళ్లు పెట్టుకోలేదు. వేలూరు బస్సెక్కి, ఎప్పుడో వచ్చి ఆ చెట్లను కొలుచుకుపోయిన హేమనాథ్‌ను వెంటబెట్టుకొచ్చింది. కలగలుపు అడవుల మీద పరిశోధన అతనిది.

"ఒకే జాతి అయితే వేళ్లన్నీ ఒకే లోతున నీళ్లకు కొట్లాడతాయి. రకరకాలుంటే దేని లోతు దానిది," అని హేమనాథ్ సభలో నిలబడి చెప్పాడు. "పక్కవాటిని అణిచేస్తుండే చెట్లను మాత్రం తీస్తే చాలు. ఇన్నేళ్లూ కాగితాల మీద రాసినాను. ఒక్కచోట చేసి చూపనీయండి."

రంగస్వామి ఒక్క రోజు ఇచ్చాడు.

తీరా అడవిలోకి పోయి రంగు డబ్బా తెరిస్తే, లోపల రంగు గట్టిపడి రాయైపోయింది. కోమల ఇంటికి పోయి మగ్గం కింద మిగిలిన నూలు తెచ్చింది. పసుపు నూలు. నేత నేసే ఇంట్లో గుడ్డ అంచుకు దారం కట్టారంటే అక్కడ తప్పు ఉందని అర్థం. అందుకే ఆమెకు అనుమానం రాలేదు. వేలూరులో పుట్టి పెరిగిన హేమనాథ్‌కైనా తట్టి ఉండవలసింది. కానీ ఆ పొద్దు అతని కంటికి చెట్లు తప్ప ఇంకేమీ ఆనలేదు.

చివరగా అతను నేరేడు దగ్గర ఆగాడు. గోవిందరాజు అక్కడ నాటిన మొదటి మొక్క అది.

"అమ్మా... ఇది కూడా. రెండు వేపల్ని ఎదగనీలేదు."

కోమల మాను చుట్టూ నూలు తిప్పి ముడి వేసింది.

ఇద్దరూ కాఫీ తాగి తిరిగి వచ్చేసరికి అడవిలో నుంచి కర్పూరం పొగ లేస్తోంది.

శుక్రవారం కదా, గుడికి పోయే ఆడవాళ్లు దారిలో పసుపు నూలు చుట్టిన చెట్లను చూశారు. అడవిలో అమ్మవారు వెలిసిందన్న మాట పుట్టింది. బొట్లు పెట్టారు, నిమ్మకాయలు పెట్టారు, తలా ఒక దారం కట్టి మొక్కుకున్నారు. వెనక వచ్చినవాళ్లకు ఆ చెట్ల దగ్గర చోటు దొరక్క, నూలు లేని చెట్లకు కట్టారు. ఎవరో అప్పుడే పొంగలికి పొయ్యి పెట్టారు. రంపం మేస్త్రి వేలాయుధం చెప్పులు విడిచి, రంపానికి కుంకుమ పెట్టి నేరేడు కింద ఆనించి దండం పెడుతున్నాడు.

"ఏమప్పా, కొయ్యవా?" అంది కోమల.

"అమ్మా తాయే! పిల్లలు గలవాణ్ణి. నా వల్ల ముడియాదు, కొయ్యలేను."

"ఇది మొక్కు కాదు, నేను కట్టిన గుర్తు!"

"నీ చేత కట్టించింది ఎవరనుకుంటివి?" అంది పొయ్యి దగ్గరున్న వళ్ళి. ఆమె రంగస్వామి తల్లి, కోమలకు వరసకు అత్త.

హేమనాథ్ తల పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. "కొట్టాల్సినవే దేవుళ్లయిపోయినాయమ్మా."

చెట్లు కొట్టడం ఆగిందని విని రంగస్వామి ఉత్సాహంగా బయలుదేరాడు. రేపటి దాకా ఎందుకని జేసీబీని కూడా వెంట తెచ్చాడు. డ్రైవరు దిగి, పొగను చూసి, సాష్టాంగపడ్డాడు. మళ్లీ బండెక్కలేదు.

"మూఢనమ్మకం! విప్పండి ఆ దారాలు!" అని అరిచాడు రంగస్వామి. "అమ్మా, నువ్వు యాడ కట్టినావు?"

"చింతచెట్టుకు. నీ మోకాలి నొప్పి పోవాలని. పోయినాకే విప్పేది."

"నేను విప్పుతా."

"చెయ్యి పెట్టి చూడు! కట్టినవాళ్లే విప్పాలని తెలీదా?"

కోమల ఆ మాట విన్నది. ముందుకొచ్చి అందరికీ వినబడేట్టు అడిగింది.

"అత్తా, నేను కట్టినవి నేను విప్పొచ్చు గదా?"

"నీవి ఏవని ఎట్ల తెలుస్తాది?"

"తెగిన పోగును అతికే ముడి నాది. మీరు వేసింది మొక్కు ముడి. మనం నేసేవాళ్లం, చూస్తే తెలీదా?"

వళ్ళి ఒక ముడిని వేలితో తడిమి చూసి, తల ఊపింది.

కోమల ఒక్కొక్క చెట్టుకూ దండం పెట్టి తన నూలు విప్పింది. ఆ చెట్లకు మొక్కుకున్నవాళ్లు, అమ్మవారే దిగిపోతుంటే తమ దారాలెందుకని వాటిని విప్పి పక్క చెట్లకు మార్చుకున్నారు. నూలు విప్పిన చెట్టు దగ్గరికల్లా వేలాయుధం ధైర్యంగా రంపం పట్టుకొచ్చాడు. మిగిలింది నేరేడు.

"దాన్ని ఉంచుకో వదినా. అన్న చేత్తో నాటింది గదా, నేనేం అనను," అన్నాడు రంగస్వామి. గొంతు చాలా మెత్తగా ఉంది. నేరేడు ఒక్కటి ఆగితే, పలచన చేయడం కాలేదని సాయంత్రం సభలో చెప్పొచ్చు.

కోమల అతని వైపు తిరిగింది.

"మీ అన్న నాకు ఒక్క నేరేడును విడిచిపెట్టి పోలేదప్పా. అడవిని విడిచిపెట్టి పోయినాడు."

ముడి విప్పింది. నూలును ఉండగా చుట్టి నడుముకు దోపుకుంది. రంపం మోగినంతసేపూ అక్కడే నిలబడింది.

"సరే, మిగతావి రేపు..." అని రంగస్వామి మొదలుపెట్టి, చుట్టూ చూసి ఆగిపోయాడు. మిగిలిన ప్రతి చెట్టుకూ ఒక దారం ఉంది. ప్రతి దారం పక్కనా కట్టినామె నిలబడి ఉంది.

అణిగిపోయిన వేపలు రెండూ ఇప్పుడు చిగురేశాయి. రంగస్వామి రోజూ వాళ్లమ్మ ముందు కుంటకుండా నడిచి చూపిస్తున్నాడు గానీ, ఆమె నమ్మడం లేదు.