తొట్టి వెనక సీసా

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. భార్య ఓవెన్‌లోకి బన్నుల ట్రే తోస్తున్న సమయంలో వంటింట్లోకి దూరి, ఒక గ్లాసుడు చక్కెర, ఒక చెంచాడు ఈస్ట్ తీసుకుని చప్పుడు కాకుండా హాల్లోకి వచ్చేయాలి. అంతే. స్కూల్లో పిల్లలకు ఆయన రోజూ ఇంతకంటే చిక్కు లెక్కలే ఇస్తుంటాడు.

చక్కెర ఆయనకు కాదు, దుంపకు. హాల్లో కిటికీ పక్కన చేపల తొట్టి ఉంది. అందులో పోయిన వేసవిలో ఆయనొక దుంప నాటాడు. చూడటానికి వడలిపోయిన చిన్న ఉల్లిపాయలా ఉంటుంది. సగం ఇసుకలో, సగం పైకి ఉంచాలి. మొత్తం పూడ్చిపెడితే కుళ్లిపోతుంది. అన్నీ పద్ధతిగా చేశాడు. దుంప కూడా మొహమాటానికన్నట్టు పొడుగాటి ఆకులు వేసింది గానీ పువ్వు ఊసెత్తలేదు. వెళ్లి చేపల షాపాయన్ని అడిగాడు.

"దానికి కార్బన్ డయాక్సైడ్ గాలి చాలట్లేదు సార్. ఒక సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, చక్కెర, ఈస్ట్ వేసి మూత బిగించండి. మూతలోంచి సన్నటి గొట్టం తీసి తొట్టిలోకి వదలండి. బుడగలొస్తాయి. ఆ బుడగలకి మొక్క ఎలా రెచ్చిపోతుందో చూడండి" అన్నాడు షాపాయన.

ఇక్కడే చిక్కొచ్చింది. మాస్టారికి షుగరు జబ్బు. ఆ ఇంట్లో ఆయనకూ చక్కెరకూ చాలాకాలంగా మాటల్లేవు. "చక్కెర కావాలి" అంటే "ఎందుకు?" అంటుంది భార్య. "నీళ్లలో ఉన్న దుంపకు" అంటే ఈ భూమ్మీద ఏ భార్యా నమ్మదు. అందుకని పువ్వు పూసేదాకా గుట్టుగా ఉండి, పూశాక ఆవిడను తొట్టి ముందు నిలబెట్టి అంతా చెప్పేద్దామనుకున్నాడు. సీసాను తొట్టి బల్ల వెనక, కర్టెన్ చాటున దాచాడు. వారానికోసారి సీసాలో సరుకు మార్చడం, అందుకోసం వంటింట్లోకి దూరడం, ఇదీ ఆయన రహస్య జీవితం.

అయితే ఆవిడ బతుకుతెరువే బ్రెడ్లూ బన్నులూ. ఇంట్లోనే చేసి చుట్టుపక్కల దుకాణాలకు వేస్తుంది. చక్కెర డబ్బాలో మట్టం ఎక్కడుందో మూత తీయకుండానే చెప్పగలదు. మట్టం తగ్గుతుంటే మొదట చీమల్ని అనుమానించింది. చీమలు తింటే డబ్బాలో చెంచా గుర్తులుండవు కదా. అనుమానం మాస్టారి మీదకు మళ్లింది. ఆయన తాగి పెట్టిన కాఫీ కప్పు అడుగు వేలితో గీసి నాలిక్కి రాసుకుంది. చేదు. చొక్కా జేబులు దులిపింది, మంచం కింద టార్చి వేసి చూసింది. స్వీటు తునక కూడా దొరకలేదు. ఆఖరికి మిషన్ తెచ్చి ఆయన వేలు పొడిచి చూస్తే షుగరు ఎప్పుడూ లేనంత బాగుంది. దాంతో ఆవిడకు ఉన్న కాస్త మనశ్శాంతీ పోయింది. ఈయన చక్కెర తీస్తున్నాడు, తినట్లేదు. ఈస్ట్ కూడా తీస్తున్నాడు. ఈ రెండూ నీళ్లలో కలిపి మూత పెడితే ఏమవుతుందో పిండి పులియబెట్టే మనిషికి ఒకరు చెప్పాలా?

మాస్టారు ఒకప్పుడు తాగేవాడు. బాగానే తాగేవాడు. డాక్టరు భయపెట్టాక, భార్య ఏడ్చాక, ఒట్టేసి మానేశాడు. మా ఆయన మానేశాడని ఆవిడ పుట్టింటి వాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకుంది. అందరూ సంతోషించారు, ఒక్క అన్నయ్య తప్ప. "చూద్దాంలే" అన్నాడాయన. ఆ మాట ఆవిడకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ అన్నయ్య మాటే నిజమైపోతుందేమోనని ఆవిడ భయం. చక్కెర పోతే పోయింది, మొగుడి మాట మీద నమ్మకం పోతే ఏ దుకాణంలో తెచ్చుకోవాలి?

ఆ మధ్యాహ్నం మాస్టారు బాల్కనీలో షాపాయనతో ఫోన్లో గుసగుసలాడుతుంటే, ఆవిడ ఆరిన బట్టలు తీసే నెపంతో తలుపు చాటున నిలబడింది.

"బుడగలు బ్రహ్మాండంగా వస్తున్నాయండీ. వాసనే కాస్త ఇబ్బంది... అబ్బే, మా ఆవిడకి ఇంకా తెలీదు. రేపటికి మొత్తం బయటపడుతుంది. మీకు ఫోటో కూడా పంపిస్తాగా!"

ఆవిడ చేతిలో దుప్పటి జారిపోయింది. తాగేవాళ్లు ఉంటారు, దొంగచాటుగా కాచుకునే వాళ్లూ ఉంటారు. ఫోటో తీసుకునే వాళ్లు కూడా ఉంటారని ఆవిడకు తెలియదు.

సాయంత్రం అయ్యేసరికి గొట్టంలో ఏదో అడ్డుపడి బుడగలు ఆగిపోయాయి. ఇన్నాళ్లకు వేసిన మొగ్గ నీళ్ల మట్టానికి వచ్చేసింది, రేపో మాపో విచ్చుకుంటుంది, ఇలాంటప్పుడు గాలి ఆగితే ఎలా? మాస్టారు కంగారుగా గొట్టం తొట్టిలోంచి లాగి, నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. అడ్డం తొలగింది. దాంతోపాటు సీసాలోది ఓ పుక్కిలి నోట్లోకి వచ్చేసింది. గొట్టాన్ని మళ్లీ తొట్టిలోకి వదిలి, ఉమ్మేద్దామని పరుగెత్తుతుంటే ఎదురుగా భార్య. గత్యంతరం లేక మింగేశాడు.

"ఏమండీ, ఒక్కసారి ఊదండి."

"దేనికి?"

"ఊదండి, చెప్తాను."

ఆయన ఊదాడు. ఆవిడ వెనక్కి రెండడుగులు వేసి గోడకు ఆనుకుంది.

"అది కాదే, నేను చెప్పేది విను. రేపు... రేపు నీకే తెలుస్తుంది. ఒక్క రోజు ఆగు."

"రేపు, రేపు! తాగేవాళ్లందరూ రేపే అంటారండీ. ఇవాళ అన్నవాణ్ని నేను చూళ్లేదు."

మర్నాడు మాస్టారు స్కూలుకు వెళ్లగానే, రాత్రి ఆవిడ చేసిన ఫోన్‌కి అన్నయ్య దిగాడు. ఆయన గోడౌన్ మేనేజరు. గేటు దాటే ప్రతి సంచీ విప్పించి చూడటం ఆయన ఉద్యోగం. డ్యూటీ లేని రోజుల్లో ఆయన చుట్టాల ఇళ్లకు వెళ్తుంటాడు.

"నేను ముందే చెప్పానా లేదా? నువ్వు బ్యాగు సర్దుకో చెల్లాయ్. ఈలోగా సరుకెక్కడుందో నేను చూస్తా" అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

బీరువా వెనక చూశాడు, వాషింగ్ మిషన్‌లో తల పెట్టాడు, చివరికి కర్టెన్ చాటున సీసా పట్టేశాడు. మూత తీసి వాసన చూశాడు. అరచేతిలో కాస్త ఒంపుకుని నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"పచ్చిగా ఉంది. చక్కెర మరీ గుమ్మరించాడు. కదపకుండా ఇంకో వారం ఉంచి, పైన తేట మాత్రం వంపుకోవాలి. తొందరెక్కువ మీ ఆయనకి" అన్నాడు.

ఆవిడ ఏడుస్తూ హాల్లో మంచం మీద బ్యాగు సర్దుతోంది, ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ తలకెక్కలేదు. అన్నయ్య గొట్టం సంగతి పట్టించుకోకుండా మూత బిగించి, "ఇదిగో సాక్ష్యం!" అంటూ సీసాను చెల్లెలి ముఖం ముందు ఆడించాడు. ఎదురుగా బావ లేనందుకు ఆ కోపం కూడా సీసా మీదే చూపించి మరో నాలుగు కుదుపులు కుదిపాడు. సీసా ఊరుకుంటుందా? పొంగింది. నురగ గొట్టం గుండా బుసబుసమంటూ పోయి తొట్టిలో పడింది. నీళ్లు మజ్జిగ రంగుకు తిరిగాయి. చేపలన్నీ ఒక్కసారిగా పైకి తేలి నోళ్లు తెరిచాయి. లావుపాటి ఎర్ర చేప ఒకటి పక్కకి ఒరిగి, గాజుకు గుద్దుకుని, మళ్లీ అటు ఒరిగింది.

అన్నయ్య తొట్టిలోకి తొంగి చూశాడు. చూసి తీర్పు చెప్పాడు: "చూశావా చెల్లాయ్! నోరులేని చేపలకి కూడా అలవాటు చేశాడు!"

"అయ్యో, చచ్చిపోతాయి!" అంటూ ఆవిడ పరుగెత్తి తొట్టి మూత ఎత్తింది. ఎత్తి, అలాగే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. పువ్వు విచ్చుకుంటుందని పూట సెలవు పెట్టి వచ్చాడు పాపం. పరిస్థితి చూసి బ్యాగు విసిరేసి, గొట్టం పీకేసి, బకెట్లతో నీళ్లు తోడి పోయడం మొదలుపెట్టాడు. తోడుతూనే చక్కెర, ఈస్ట్, గాలి, దుంప, షాపాయన, అన్నీ కలిపి ఒకే వాక్యంలో చెప్పేశాడు. చేపలు మెల్లగా నిటారుగా నిలబడ్డాయి. ఆ హడావుడిలో ఆయన జేబులోంచి బన్నుల మీద పాలు రాసే బ్రష్ జారి కింద పడింది.

"ఇదీ మీరేనా తీసింది?" అంది ఆవిడ.

"పుప్పొడి అద్దడానికి. అలా అద్దితే గింజలు కడతాయట."

నీళ్లకు పైన, సన్నటి కాడ చివర, తెల్లటి పువ్వు రెండు పాయలుగా చీలి నిలబడి ఉంది. అంత గందరగోళంలోనూ దాని ఒంటి మీద చుక్క నురగ లేదు. ఆవిడ బ్రష్ తీసి ఆయన చేతికిచ్చింది.

"నిన్ననే చెప్పొచ్చుగా?"

"చక్కెర అన్నాక మిగతాది వినేదానివా?"

వినేది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ మళ్లీ కళ్లు తుడుచుకుంది. మొగుడు మాట మీద నిలబడ్డాడు. సర్దిన బ్యాగు కాలితో మంచం కిందకు తోసేసింది.

అన్నయ్యకు మాత్రం ఇదేం నచ్చలేదు. పట్టుకున్న దొంగ చేజారిపోతే ఏ మేనేజరుకు నచ్చుతుంది?

"అంతా బాగానే ఉంది బావా, మరి ఆ సీసాలోది తాగవని గ్యారంటీ ఏంటి?"

"అది తాగేది కాదు బావగారూ."

"ఎందుకు కాదు? ఇంకో వారం ఆగి, పైన తేట వంపి, గుడ్డలో వడకడితే..." అంటూ ఆయన సగంలో ఆగిపోయాడు.

ఆగడం కొంచెం ఆలస్యమైంది. మంచం దగ్గర్నుంచి ఆవిడ నెమ్మదిగా తల తిప్పింది. ఇందాక తలకెక్కని మాటలు కూడా ఇప్పుడు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి.

"అన్నయ్యా, ఇవన్నీ నీకెలా తెలుసు?"

"గోడౌన్ అన్నాక రకరకాల సరుకొస్తుంది చెల్లాయ్. తెలుస్తుంటాయి."

"ఫినాయిల్ కూడా వస్తుందిగా. దాని రుచి తెలుసా?"

అన్నయ్య చెప్పుల కోసం వెతకసాగాడు. ఆవిడ ఫోన్ తీసి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది.

"వదినా, మీ ఇంట్లో చేపల తొట్టి ఏమైనా ఉందా?"

"మాకు చేపలెక్కడివే? వెనక గదిలోంచి బుడబుడమని చప్పుడు మాత్రం ఎప్పుడూ వస్తుంటుంది. ఎలుకలంటారు మీ అన్నయ్య."