పనసకాయతో ఇంటర్వ్యూ

ఆ రోజు పొద్దున్నే పలాస వెళ్లి, పని చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలని హరిబాబు అనుకున్నాడు. అతను టెక్కలిలో ఎం.సి.ఎ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. జీడిపప్పు ఫ్యాక్టరీ పనిని కంప్యూటర్లోకి ఎక్కించడం అతని ప్రాజెక్టు. ఎక్కించే ముందు ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. తెలుసుకోవడానికి మూడు పద్ధతులున్నాయని పుస్తకంలో ఉంది. ప్రశ్నలు అచ్చువేసి పంచిపెట్టడం ఒకటి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేయడం ఇంకొకటి, ఓ పక్కన ఉండి అంతా పరిశీలించడం మూడోది.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నోరెండిపోయే మనిషి కనక హరిబాబు మొదటిది ఎంచుకున్నాడు. గైడు గౌరీశ్వరి మేడమ్ ఒప్పుకోలేదు.

"నువ్వు కాగితాలు పంచితే వాళ్లు పకోడీలు పొట్లం కట్టుకుంటారు. వెళ్లి ఓనర్ని ఇంటర్వ్యూ చెయ్యి. సోమవారానికి వివరాలు తేకపోతే నేను సంతకం పెట్టను," అంది.

ఆ సంతకం లేకపోతే డిగ్రీ లేదు. అందుకని ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతుంటే, వాకిలి తుడుస్తున్న తల్లి తవిటమ్మ ఆపింది.

"పొద్దున్నే టక్కు సేసినావు, ఎక్కడికిరా?"

"పలాస జీడి ఫ్యాక్టరీకమ్మా. ఇంటర్వ్యూ ఉంది."

ఇంటర్వ్యూ చేసేది తనేనని ఇంకొక్క మాట చెప్పి ఉంటే అంతా సజావుగా జరిగిపోయేది. బస్సు పోతుందన్న తొందరలో చెప్పలేదు. తవిటమ్మ చీపురు అక్కడే పడేసింది.

"ఇంటర్వ్యూ ఉందని ఇప్పుడా సెప్తావు? ఒట్టి సేతుల్తో ఎల్తావేటి? ఉండు, నానూ వత్తన్నాను."

ఆమె తమ్ముడు పోలయ్యకు కబురు పెట్టి, పెరట్లో చెట్టుకున్న పనసకాయల్లో పెద్దది కోయించింది. ఆ సందడికి పక్కింటి రత్నాలమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"మా వోడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఓనరే రమ్మన్నాడట," అని చెప్పింది తవిటమ్మ.

"అయితే మా కోడలు మంగ గురించి కూడా ఓ మాట అడుగు. వొద్దులే, మేవే వత్తాం."

బస్సెక్కేసరికి అయిదుగురయ్యారు. మేనల్లుడికి ఉద్యోగం వచ్చేసిందనే అనుకుంటున్న పోలయ్య, పెళ్లిళ్లకు కట్టే పంచె కట్టుకుని పనసకాయను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. దారిలో హరిబాబు తల్లికి నచ్చజెప్పబోయాడు.

"అమ్మా, ఇది ఆ ఇంటర్వ్యూ కాదే. నేనే ఆయన్ని అడగాలి."

"అడుగు మరి. అడక్కపోతే ఎవుడిత్తాడు?"

హరిబాబు కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాడు.

ఫ్యాక్టరీ యజమాని పోలారావు ఆ ఉదయం చాలా హుషారుగా ఉన్నాడు. పెద్ద ఆర్డరు వచ్చింది. సాయంత్రానికి విశాఖపట్నం లారీ వస్తుంది. ఆలోగా పప్పుకు పొట్టు తీయించి డబ్బాల్లో సర్దించాలి. సరిగ్గా అప్పుడు వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

"బాబూ, టక్కు సేసుకున్నాయన ఫైలట్టుకొని వచ్చీసినాడు. ఎనకాల మనుసులున్నారు. ఒకడి బుజం మీద పెద్ద మూటేదో ఉంది."

పన్నులవాళ్లు తనిఖీలకు తిరుగుతున్నారని పోలారావు వారంరోజులుగా వింటున్నాడు. అతని సరుకులో సగం లెక్కల్లో లేదు.

"పప్పు బస్తాలన్నీ ఎనక గుమ్మంలోంచి పక్కోళ్ల కొట్టులో పడీండి. ఆడోళ్లందర్నీ ఇళ్లకి పంపీండి. ఈవేళ సెలవని సెప్పండి," అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

తనవాళ్లను గేటు దగ్గరే నిలబెట్టి హరిబాబు లోపలికి వెళ్లేసరికి కుర్చీ తుడిచి సిద్ధంగా ఉంది. చల్లటి డ్రింకు వచ్చింది. అతను ఒక గుక్క తాగి, కాగితం తీసి, తల ఎత్తకుండా చదివాడు.

"మీ దగ్గరికి రోజుకు ఎన్ని బస్తాలు వస్తాయండీ?"

"బస్తాలెక్కడివి బాబూ. ఏదో ఊరికే తలుపులు తీసి ఉంచుతున్నాను."

"ఎంతమంది పనిచేస్తారు?"

"మీరే సూడండి. ఒక్కరైనా కనిపిత్తన్నారా?"

హరిబాబు చూశాడు. నిజంగానే ఎవరూ లేరు. ఎవరూ లేని ఫ్యాక్టరీని కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలో అతనికి తెలియలేదు. కంగారుగా తరవాతి ప్రశ్న చదివాడు.

"మీ రికార్డులు ఎక్కడ దాస్తారండీ?"

భద్రపరుస్తారు అని రాసుకున్నాడు గానీ, భయంలో దాస్తారు అని నోట వచ్చింది. పోలారావు ముఖం పాలిపోయింది. అతను లేచి రెండు చేతులూ జోడించబోతుండగా, ఇంక ఆగలేక తవిటమ్మ లోపలికి వచ్చింది. వెనకే పోలయ్య పనసకాయను తెచ్చి బల్ల మీద దించాడు.

"బాబూ, మా వోడికి మాట రాదు గాని మంచోడు. జీతం తరవాత సూసుకుందాం. ముందు ఉద్యోగమిప్పించండి."

పోలారావు పనసకాయను చూశాడు. హరిబాబు వేసుకున్న టక్‌ను చూశాడు.

"ఉద్యోగానికొచ్చినోడు నన్ను ప్రశ్నలడుగుతాడేటి?" అన్నాడు, నెమ్మదిగా.

హరిబాబు ప్రాజెక్టు సంగతి మొదలుపెట్టాడు గానీ వినే ఓపిక పోలారావుకు లేదు. పక్క కొట్లో బస్తాలూ సాయంత్రం లారీ గుర్తొచ్చి తల పట్టుకున్నాడు. పొట్టు తీసే ఆడవాళ్లను పిలుచుకురమ్మని వాచ్‌మన్‌ను పంపాడు. వాళ్లలో కొందరు కాశీబుగ్గ బజారుకు, మరికొందరు పెళ్లికి వెళ్లిపోయారు. దొరికినవాళ్లు, సెలవిచ్చాక మళ్లీ పనేమిటని తలుపులేసుకున్నారు. వాచ్‌మన్ ఒంటరిగా తిరిగొచ్చాడు.

పోలారావు తవిటమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీ అందరికీ పొట్టు తియ్యడమొచ్చా?"

"ఉద్దానపోళ్లం బాబూ. జీడిపిక్కల్లో పుట్టి పెరిగినాం," అని తవిటమ్మ కొంగు బిగించి, కొడుకు చెవిలో చెప్పింది. "ఇది పరీచ్చరా. బాగా సెయ్యి."

ఆ మధ్యాహ్నం తవిటమ్మ, రత్నాలమ్మ, మంగ వరసగా కూర్చుని పొట్టు తీశారు. పోలయ్య పంచె ఎగ్గట్టి డబ్బాలకు మూతలు బిగించాడు. హరిబాబు పక్క కొట్లోంచి బస్తాలు మోశాడు. మొదటి బస్తాకి టక్ ఊడింది, రెండోదానికి గుండీలు తెగాయి. మూడోది దారిలో జారి చిరిగిపోతే, మట్టిలోంచి పప్పు ఏరుకుంటూ కూర్చున్నాడు. తరవాత విరగని గుండ్లు ఒక వైపు, విరిగిన బద్దలు ఒక వైపు వేరు చేయమన్నారు. రెండూ కలిపేశాడు. మంగ నవ్వు ఆపుకుంటూ మళ్లీ వేరుచేసింది. అంత అవమానంలోనూ ఒక విచిత్రం జరిగింది. ఏ సరుకు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో, ఎక్కడ ఆలస్యమవుతోందో, ఎక్కడ లెక్క తప్పుతోందో అతనికి వరసగా కనిపించసాగింది.

లారీ కదిలాక పోలారావు ఊపిరి పీల్చుకున్నాడు. పనసకాయ కోయించి అందరికీ పెట్టాడు. తింటూనే, రత్నాలమ్మనూ మంగనూ మర్నాటినుంచి పనిలోకి రమ్మన్నాడు. పోలయ్యకు గేటు కాపలా ఇచ్చి, పనసకాయకూ పన్నులవాళ్ల మూటకూ తేడా తెలియని వాచ్‌మన్‌ను లోపలి పనికి మార్చాడు. హరిబాబు దగ్గరికొచ్చి జాలిగా భుజం తట్టాడు.

"బాబూ, నువ్వింకేటైనా సదువుకో."

తిరుగు బస్సు ఊరు దగ్గరపడ్డాక తవిటమ్మ కొడుకుతో ఒక్క మాటంది.

"తోడొచ్చినోళ్లందరికీ ఉద్యోగాలొచ్చినాయి. నీకే రానేదు."

సోమవారం మెడ ఓ పక్కకు పట్టేసి కాలేజీకొచ్చిన హరిబాబును గౌరీశ్వరి మేడమ్ గదిలోకి పిలిచింది. "ఓనర్ని ఇంటర్వ్యూ చేశావా?"

"ఆయనే నన్ను చేసి, వద్దన్నాడు మేడమ్."

మేడమ్ మొదట కోప్పడింది. తరవాత అతను నోరు తడబడకుండా ఫ్యాక్టరీ పనంతా ఈ చివరినుంచి ఆ చివరిదాకా చెబుతుంటే కుర్చీలో ముందుకు జరిగింది. విని, కలం తీసింది.

"ఇది పరిశీలన పద్ధతి. అందులోనూ పనిలోకి దిగి చేసిన పరిశీలన. మన కాలేజీలో ఇంతవరకూ ఎవరికీ ఆ ధైర్యం రాలేదు," అని సంతకం పెట్టి, ఈ పద్ధతినే ఎంచుకోవడానికి కారణం రిపోర్టులో రాయమంది.

హరిబాబు చాలాసేపు ఆలోచించి, మెడ వంకరగానే పెట్టుకుని, "లోతైన అవగాహన కోసం" అని రాశాడు.