ఫ్లెక్సీకెక్కిన సాఫ్ట్‌వేర్

"ఈ ఇంట్లో అబద్ధానికి చోటు లేదు!" అని ప్రకటించారు చలపతిరావు.

వివాదం కాఫీలో పంచదార గురించి. రత్నాంబ చెంచాడు వేశానంటుంది. ఆయన అర చెంచాడేనంటారు.

"వేశానండీ బాబూ! కలుపుకోకుండా తాగితే అడుగునే ఉండిపోతుంది."

తాడేపల్లిగూడెంలో ఇనుప సామాన్ల కొట్టు, వర్తక సంఘంలో ఉపాధ్యక్ష పదవి ఉన్న మనిషి గ్లాసు అడుగు చూసుకుంటారా!

కూతురు నిహారిక ఇదేమీ వినడం లేదు. గోడకు చేరేసిన ఫ్లెక్సీ చదువుతోంది. "ప్రపంచ కంప్యూటర్లకు ప్రాణం పోసిన గూడెం ఆడపడుచు! ఆటోమౌంటర్ సృష్టికర్త కుమారి నిహారికకు ఆదివారం ఘన సన్మానం!" పక్కన ఆమె ఫోటో. దానికి రెండింతలు నాన్నగారి ఫోటో.

"నాన్నగారూ, దీన్ని నేను సృష్టించలేదండీ."

"మరి?"

"ఫోల్డరు తెరవగానే దానికి కావలసిన డిస్కును తనంతట తానే కలిపే సాఫ్ట్‌వేర్ ఇది. ఎవరో ఎప్పుడో రాశారు. దీన్ని ఎలా వాడాలో చెప్పే పత్రంలో, ముందు రీస్టార్ట్ చేసి తర్వాత సెట్టింగులు సేవ్ చెయ్యమని తప్పుగా ఉంది. ఆ రెండు వాక్యాలూ ముందువెనకలు చేశాను. అంతే."

"అంతేనా! ప్రపంచంలో ఇంకెవరికైనా తట్టిందా?"

"ఆ పత్రాలు దిద్దే బృందంలో నన్ను చేర్చుకోవాలా వద్దా అన్నది ఈ వారమే తేలుస్తారు. ఇది వాళ్ళ కంట పడితే నన్ను అబద్ధాలకోరనుకుంటారండీ."

"వాళ్ళేమైనా మన స్టేషను రోడ్డులో తిరుగుతారా?"

తిరగనక్కరలేదు. ఆయన అప్పటికే ఫ్లెక్సీని ఫేస్‌బుక్‌లో పెట్టారు, ఆ సాఫ్ట్‌వేర్ పేజీని ట్యాగ్ చేసి మరీ!

మధ్యాహ్నం కొల్లేరు నుంచి చేపల చెరువుల పాపారావు ఫోను. "అమ్మా, దేన్నైనా తనంతట తానే కలిసేలా చేస్తావట కదా! కరెంటు పోతే మా చెరువు మీద జనరేటరు కూడా అలాగే కలిసేలా చూడు తల్లీ!"

సాయంత్రం ఆ బృందం పెద్ద నుంచి మర్యాదగా ఒక ప్రశ్న. "ఈ సాఫ్ట్‌వేర్ మీ సృష్టి అని చూశాం. నిజమేనా?"

నిహారిక వెంటనే జవాబుకు కూర్చుంది. కాదని, జరిగింది జరిగినట్టు రాసింది. ఆ చేత్తోనే, సన్మానం పేరిట తననూ చేర్చిన వర్తక సంఘం వాట్సాప్ గ్రూపులో, పత్రాలు దిద్దే పద్ధతిలోనే ఇలా పెట్టింది:

"ఉన్నది: సృష్టికర్త. ఉండవలసినది: రెండు వాక్యాలు అటూ ఇటూ చేసిన మనిషి."

గ్రూపులో రోజూ పెట్టే నమస్కారాల బొమ్మలు కూడా ఆగిపోయాయి! కానీ బృందం పెద్ద మాత్రం గంటలోపే "రండి, మీలాంటివాళ్ళే కావాలి" అని జవాబిచ్చాడు.

రాత్రి భోజనాల దగ్గర తల్లీకూతుళ్ళు ఉరుము కోసం కాచుకు కూర్చున్నారు. చలపతిరావు పప్పులో నెయ్యి వేసుకుని, గొంతు సవరించుకున్నారు.

"సన్మానం రద్దు కాలేదు. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కాకపోతే మనిషి మారాడు."

"ఎవరండీ?" అంది రత్నాంబ.

"నేనే. సొంత కూతురి ఫ్లెక్సీలో తప్పుందని నలుగురిలో ధైర్యంగా బయటపెట్టినందుకు 'సత్యనిష్ఠ' బిరుదు ఇస్తున్నారు."

"బయటపెట్టింది అది కదండీ!"

"నేనే పెట్టించానని ఫ్లెక్సీ అచ్చుకిచ్చేశాను. ఆదివారం మీరిద్దరూ ముందు కుర్చీల్లో కూర్చోండి. చప్పట్లు మీరే మొదలుపెట్టాలి."