పాలగిన్నె తిరుగుబాటు

ఆ రోజు పొద్దున విసెంతా వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగో అంతస్తు గదులు తొందరగా సర్దేయాలి. ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకుని, సముద్రం కనిపించే మూల గదిలో నిలబడాలి. బ్రస్సెల్స్ నుంచి వచ్చే మేడమ్‌కి నవ్వుతూ రెండు వాక్యాలు అప్పజెప్పాలి. ఇంటికి వెళ్లే దారిలో స్నేహితురాలు రెమేయి తలుపు కొట్టి, "ఒసే, నీ ఉద్యోగం నీకు వచ్చేసింది, కాఫీ పెట్టు" అనాలి. అంతే. ఈ పథకంలో గిన్నెలు లేవు, జనం లేరు, పోలీసులు అసలే లేరు.

ఆ రెండు వాక్యాలూ హోటల్ మేనేజరు తర్రాసో నేర్పినవి. "మేమంతా తిరిగి పనిలోకి వచ్చాం. పని తేలికైంది." వాక్యాలు చిన్నవే గానీ రెండూ పచ్చి అబద్ధాలు. గాందియా బీచిలోని ఆ హోటల్లో గదులు సర్దే ఆడవాళ్లంతా సీజన్ మనుషులు. వేసవి రాగానే హోటల్ నుంచి పిలుపు వస్తుంది. పిలుపు అందినవాళ్లు పనిలోకి వెళ్తారు. కరోనాకి హోటల్ మూతపడ్డప్పుడు ఉద్యోగాలు పోకుండా ప్రభుత్వమే జీతంలో కొంత ఇచ్చి నిలబెట్టింది. మళ్లీ తలుపులు తెరిచాక తర్రాసో సగం మందినే పిలిచి, ఆ సగం మంది చేతే మొత్తం పని లాగిస్తున్నాడు. మిగతావాళ్లకి ఆ సాయం కూడా ఈ నెలాఖరుతో ఆగిపోతుంది.

అందరినీ వెనక్కి పిలుస్తాం, వాళ్ల పని తేలిక చేస్తాం అని మాటిచ్చి, యూరప్ కోలుకోవడానికని పెట్టిన నిధిలోంచి హోటలు తన వాటా తాను తెచ్చుకుంది. ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టారో చూడటానికే బ్రస్సెల్స్ మేడమ్ వస్తోంది. ఆ డబ్బుతో తర్రాసో వాటంతటవే తిరిగి ఊడ్చే గుండ్రటి యంత్రాలు కొన్నాడు. అవి మంచాల కింద దూరి ఇరుక్కుపోతాయి. నొప్పెట్టే మోకాళ్ల మీద వంగి వాటిని బయటికి లాగడం విసెంతాకి కొత్తగా చేరిన పని.

"మేడమ్ ముందు ఆ రెండు మాటలూ శుభ్రంగా చెప్పు. వచ్చే వారం రెమేయికి పిలుపు పంపిస్తా," అన్నాడు తర్రాసో. "చెప్పలేదనుకో, ఆమె సంగతి నాకు తెలీదు."

అబద్ధమాడటం విసెంతాకి గొంతులో ముల్లు. కానీ మొన్న ఆదివారం ఆమె రెమేయి ఇంట్లో ఫ్రిజ్ తెరిచి చూసింది. అందులో సగం కోసిన నిమ్మకాయ, ఆ పక్కన దీపం వెలుతురు తప్ప ఏమీ లేవు. ముల్లయినా సరే మింగేద్దామని అప్పుడే నిశ్చయించుకుంది.

మూల గది బాల్కనీలో మేడమ్ కోసం బల్ల సర్ది ఉంది. చల్లటి ఓర్చాటా పానీయం జగ్గు, పళ్లెం నిండా దానిలో ముంచుకు తినే ఫార్తోన్లనే తీపి రొట్టెలు, పైన మంచులా చల్లిన పంచదార. విసెంతా దిండు గలీబు తొడుగుతుండగా సీగల్ ఒకటి వచ్చి బాల్కనీ కమ్మీ మీద వాలింది. ఆ ఊరి సీగళ్లకి సిగ్గూ లేదు, భయమూ లేదు. అది తాపీగా ఒక ఫార్తోన్ మింగింది.

"హుష్! పో ఇక్కణ్ణించి!"

పక్షి ఆమెను ఒక కంటితో ఎగాదిగా చూసి రెండోది అందుకుంది. విసెంతాకి ఒళ్లు మండింది. గదిలో ఉన్న చిన్న వంటమూలలోంచి పాలగిన్నె, గరిటె లాక్కుని, బాల్కనీలోకి ఉరికి, టంగుటంగుమని వాయించింది. పక్షి ఎగిరి, పైనున్న హోటల్ బోర్డు మీద కూర్చుని మళ్లీ బల్లకేసే చూడసాగింది. విసెంతా ఇంకా గట్టిగా వాయించింది.

ఎదురు భవనంలో పస్కువాల్ అనే పెద్దాయన ఉంటాడు. ఓడల రేవులో పని చేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్లో బాల్కనీలో గిన్నె మోగిందంటే జనానికి కడుపు మండిందని అర్థం. ఎవరి మీద, ఎందుకు అన్నది తర్వాతి సంగతి. ముందు వాయించాలి, ఆ పైన కనుక్కోవాలి. పొరుగువాడు గిన్నె వాయిస్తుంటే చేతులు కట్టుకు కూర్చోవడం అక్కడ చావింటి ముందునుంచి పలకరించకుండా వెళ్లిపోవడంతో సమానం. మామూలుగా చీకటి పడ్డాక చేసే పని అది. పట్టపగలే మోగిందంటే మరీ కాలిందన్నమాట. ఎవరైనా మొదలుపెట్టకపోతారా అని పస్కువాల్ ఎన్నాళ్ల నుంచో కాచుకుని ఉన్నాడు. పయేయా అన్నం వండే వెడల్పాటి పెనం అందుకుని బయటికొచ్చాడు.

ఆయన పెనం మోగగానే పై అంతస్తులో మూకుడు మోగింది. పక్క భవనంలో కుక్కర్ మూత అందుకుంది. చూస్తుండగానే వీధికి రెండు వైపులా బాల్కనీలన్నీ నిండిపోయాయి.

విసెంతా ఆపండి ఆపండి అన్నట్టు రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఇంకా గట్టిగా వాయించమంటోందని జనం రెచ్చిపోయారు. పాలగిన్నె కింద పడేసి తెల్ల తువ్వాలు ఊపింది. అదే ఈ పోరాటం జెండా కాబోలనుకుని బాల్కనీలన్నిట్లోనూ తెల్ల తువ్వాళ్లు లేచాయి. తువ్వాలు లేనివాళ్లు దుప్పట్లు పరిచారు.

"ఎవరి మీదమ్మాయ్?" అని పస్కువాల్ నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచాడు.

ఆ హోరులో గొంతు ఎలాగూ వినపడదని విసెంతా గరిటెతో పక్షిని చూపించింది. కానీ పక్షి ఆ క్షణమే ఎగిరిపోయింది. గరిటె చివర మిగిలింది హోటల్ బోర్డు.

"హోటలోళ్ల మీదర్రోయ్!" అని పస్కువాల్ వీధంతటికీ చాటాడు. "నేనెప్పుడో అనుకున్నా!"

హోటల్లో మిగతా గదులు సర్దుతున్న ఆడవాళ్లు ఇది విని, సమ్మె మొదలైంది, తమకే చెప్పలేదనుకుని నొచ్చుకున్నారు. చేతికి దొరికిన డబ్బా, బకెట్టు పట్టుకుని వాళ్లూ బాల్కనీల్లోకి వచ్చేశారు. కింద చేపల వ్యాను జనంలో ఇరుక్కుంది. ఇద్దరు పోలీసులు వచ్చారు. అందులో ఒకడు తలెత్తి, సొంత పిన్ని మూడో అంతస్తులో అట్లపెనం వాయించడం చూసి, టోపీ సర్దుకుని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

విసెంతా ఫోన్ మోగింది. తర్రాసో.

"ఏంటా గోల? మేడమ్ లాబీలో ఉంది!"

"పక్షండీ. ఫార్తోన్ ఎత్తుకుపోతుంటే..."

"వీధంతా ఒక్క పక్షి కోసం వచ్చిందా? నోర్ముయ్, విను." ఆయన గొంతు తగ్గించాడు. "ఇవి చప్పట్లని చెప్పాను ఆవిడకి. లాక్‌డౌన్‌లో సాయంత్రం పూట డాక్టర్ల కోసం బాల్కనీల్లో కొట్టేవాళ్లం చూడు, అలాంటివే. హోటల్ తెరిచి అందరికీ ఉద్యోగాలిచ్చామని ఊరు మెచ్చుకుంటోందని చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కాబట్టి ఆపకు. నవ్వుతూ వాయించు."

విసెంతా ఫోన్ పెట్టేసింది. చప్పట్లట! ఆ రోజుల్లో తనూ బాల్కనీలో నిలబడి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది. మూతపడ్డ హోటల్ ఎప్పుడు తెరుస్తారో, కొట్టుకి బాకీ ఎలా తీర్చాలో తెలియని రోజుల్లో కూడా కొట్టింది. ఇప్పుడు తన చేతే తర్రాసోకి చప్పట్లు కొట్టిస్తున్నారు. ఆమెకి కోపం వచ్చింది. ఇందాక పక్షి మీద వచ్చినది దీని ముందు లెక్కలోకి రాదు. వంగి పాలగిన్నె తీసుకుని, గరిటె తిరగేసి పట్టుకుని, చొట్టపడేలా బాదింది. యాజమాన్యం ఆజ్ఞతోనే యాజమాన్యం మీద తిరగబడిన మనిషి ఆ తీరంలో అంతకు ముందు ఎవరూ లేరు.

కింద తర్రాసోకి ఇంకో చిక్కు వచ్చింది. "అందరూ తిరిగి వచ్చారన్నారుగా, ఆ అందరితో ఒక ఫొటో దిగుతాను," అంది మేడమ్. చూస్తే పనిలో ఉన్నది సగం మందే. ఆయన ఒక్క నిమిషమని పక్కకెళ్లి, ఇంట్లో కూర్చోబెట్టిన వాళ్లందరికీ ఫోన్లో సందేశం కొట్టాడు. వెంటనే యూనిఫారంలో పనిలోకి రండి, ఇట్లు యాజమాన్యం.

గాందియా చిన్న ఊరు. అందరికన్నా ముందు రెమేయి వచ్చింది. లాక్‌డౌన్‌లో ఒళ్లు చేయడంతో యూనిఫారం బొత్తాలు పట్టడం లేదు. కాళ్లకి ఇంటి చెప్పులు, చంకలో సొంత బాణలి.

"అక్కా! సమ్మెకి పిలుస్తావనుకోలేదే! మనసులో మాట నాకైనా చెప్పకూడదూ?"

"సమ్మె లేదు, నా శ్రాద్ధం లేదు. సీగల్ని తోలాను."

రెమేయి బాణలి మంచం మీద పెట్టి బాల్కనీలోకి తొంగి చూసింది. వీధి దద్దరిల్లిపోతోంది.

"ఈ మాట ఇంకెక్కడా అనకు," అంది మెల్లిగా. తర్వాత ఫోన్ తీసి చూపించింది. "ఇది చూశావా? పనిలోకి రండి అని తర్రాసోయే పంపాడు. నాకూ, మిగతావాళ్లందరికీ."

విసెంతా ఒకటికి రెండుసార్లు చదివింది. "ఒసే, ఇది పిలుపే కదే!"

"పిలుపే. రమ్మన్నారు, వచ్చాం. చట్టం ప్రకారం ఇక పొమ్మనడానికి లేదు."

అంతలో తలుపు తెరుచుకుంది. ముందు మేడమ్, వెనక చెమటలు తుడుచుకుంటూ తర్రాసో. వాళ్ల వెనకే మెట్ల మీద రొప్పుతూ, కొత్తగా వచ్చినవాళ్లు, ముందునుంచీ ఉన్నవాళ్లు గది నిండా చేరారు. మేడమ్‌కి స్పానిష్ వచ్చు. మాటమాటకీ ఆగి, ఏరుకుని మాట్లాడుతుంది.

"మీరు ఏదో చెప్పాలనుకుంటున్నారట," అంది ఆవిడ.

తర్రాసో కళ్లు పెద్దవి చేశాడు. విసెంతా గొంతు సవరించుకుంది.

"మేమంతా తిరిగి పనిలోకి వచ్చాం."

"చాలా సంతోషం. ఎప్పుడు వచ్చారు?"

"ఇందాకే అమ్మా. ఈ సగం మందికీ ఇప్పుడే పిలుపు అందింది."

రెమేయి ఫోన్ ఎత్తి చూపించింది. ఆమె వెనక ఇంకొన్ని ఫోన్లు లేచాయి.

"అది... అది ఫొటో కోసం..." అని నోరు జారి, తర్రాసో అక్కడికక్కడే నాలుక కరుచుకున్నాడు. ఫొటో కోసమే పిలిచానంటే బ్రస్సెల్స్‌కి అబద్ధం చెప్పినట్టు. నిజంగానే పిలిచానంటే వాళ్లు పనిలో చేరినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఫొటో కోసమా?" అంది మేడమ్, ఒక్కో అక్షరం విడదీసి.

"ఫొటో కూడా అన్నాను మేడమ్. ముందు ఉద్యోగం. తర్వాత ఫొటో."

"అందరికీ?"

"అందరికీ," అన్నాడు తర్రాసో. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఆయనకి పురుడు పోసుకున్నంత పనైంది.

విసెంతా అక్కడితో ఊరుకోవచ్చు. రెమేయి ఉద్యోగం దక్కింది, మొదటి అబద్ధం దానంతటదే నిజమైపోయింది. కానీ రెండోది ఇంకా గొంతులోనే ఉంది, ముల్లులాగే.

"పని తేలికైందని కూడా చెప్పమన్నారు. అది చెప్పను," అంది. "ఇద్దరి పని ఒక్కరి చేత చేయిస్తున్నారు. మీరిచ్చిన డబ్బుతో కొన్న యంత్రం అదిగో, ఆ మంచం కింద ఇరుక్కుని ఏడుస్తోంది. మనుషులొచ్చారు కాబట్టి రేపట్నుంచి తేలికవ్వాలి. అవ్వకపోతే గిన్నె నా దగ్గరే ఉంది."

మేడమ్ వంగి మంచం కిందికి చూసింది. యంత్రం నిజంగానే గుర్రుమంటోంది.

"మరి బయట ఈ చప్పట్లు?" అంది లేస్తూ.

"చప్పట్లు చేతులతో కొడతారమ్మా. గిన్నెలు కోపంతో కొడతారు."

ఆవిడ తర్రాసోకేసి తిరిగింది. "నెల తిరిగాక మళ్లీ వస్తాను. ముందుగా చెప్పను," అంది. తర్వాత బాల్కనీలోకి వెళ్లి చెయ్యి ఊపింది. అవతలి నుంచి పస్కువాల్, ఆవిడ కూడా మనవైపే అనుకుని, పెనం మీద ఇంకో దరువు వేశాడు.

మర్నాటి నుంచి ఒక్కొక్కరు సర్దే గదులు సగానికి తగ్గాయి. తర్రాసో విసెంతాని "మీరు" అనడం మొదలుపెట్టాడు. పాలగిన్నెలన్నీ గదుల్లోంచి తీయించి తాళం వేయించాడు, గరిటెలతో సహా. ఆడవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు ఇంటినుంచి తెచ్చుకుని సంచిలో పెట్టుకుంటున్నారు.

వారం తర్వాత కాఫీ బార్లో ఎదురుపడ్డప్పుడు పస్కువాల్ అడిగాడు: "నిజం చెప్పమ్మాయ్, అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది?"

"పక్షి ఫార్తోన్ ఎత్తుకుపోయింది బాబాయ్."

ఆయన పగలబడి నవ్వాడు. "నాయకులంటే ఇలాగే ఉండాలి. గుట్టు విప్పరు," అని ఆమె కాఫీకి కూడా తనే డబ్బులిచ్చాడు.

ఆ సీగల్ ఇప్పటికీ మూల గది బాల్కనీకి వస్తోంది. విసెంతా దానికోసం కమ్మీ మీద ఒక ఫార్తోన్ పెడుతుంది. ఎవరూ పిలవకుండానే పనిలోకి వచ్చేది ఆ హోటల్లో అదొక్కటే.