మూడు తాళాల ఆదర్శ ఒప్పందం

జూన్ 30, సోమవారం ఉదయం 10.40కి పెదపాడు మండలంలోని పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక ఇనుప జాలీ గదికి మూడో తాళం వేశారు. మొదటి రెండు తాళాలు అంతకు ఐదు నిమిషాల ముందు రెండు కంపెనీలవాళ్లు వేశారు. మూడోది సంధాన శాఖ మంత్రి చలపతిరావుగారు వేశారు. తాళం పడిన చప్పుడు మైకులో వినిపించింది. సభ చప్పట్లు కొట్టింది.

కొల్లేటి లంకలు పదకొండింటికి ఫోన్లు, ఇంటర్నెట్ వెళ్లేది ఆ గదిలోని యంత్రాల మీదుగానే. అందులో కొన్ని ప్రభుత్వానికి చెందిన గ్రామీణ సంధాన సంస్థవి, కొన్ని విజయవాడ కంపెనీవి, కొన్ని హైదరాబాద్ కంపెనీవి. మూడు పార్టీలు ఒక గదిని పంచుకుంటే, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లాలి, ఏం పెట్టాలి, ఏం తియ్యాలి అన్నదానికి కాగితం ఉండాలి. మంత్రిగారు ఆ కాగితాన్ని పైకెత్తి చూపించారు. పధ్నాలుగు పేజీలు. ఇలాంటి ఒప్పందం దేశంలో ఇదే మొదటిదన్నారు. ఆ మాట నేను తర్వాత సరిచూశాను. నిజమే.

సభలోకి బయటినుంచి డబ్బా కొడుతున్న చప్పుడు వచ్చింది. అదేమిటని మంత్రిగారు అడిగారు. సెక్యూరిటీ అని సంస్థ ఏలూరు మేనేజరు శ్రీహరిగారు చెప్పారు. మంత్రిగారు తల ఊపారు.

ఒప్పందం ఎలా తయారైందో శ్రీహరిగారే నాకు వివరించారు. నమూనా పంపమని ఆయన ఢిల్లీకి రాశారు. స్థానిక పరిస్థితులకు అనుగుణంగా మీరే రాసుకోండని మూడు నెలలకి జవాబొచ్చింది. స్థానిక పరిస్థితుల్లో ఒప్పందాలు రాసే మనిషి వీరాస్వామిగారు. తాడేపల్లిగూడెంలో దస్తావేజు లేఖరి. ముప్పై ఒక్క ఏళ్లుగా చేపల చెరువుల లీజులు రాస్తున్నారు. గణపవరం నుంచి కొల్లేరు దాకా ఆయన రాసిన లీజు ఒక్కటి కూడా కోర్టులో వీగిపోలేదు.

"మూడు మాటలే మార్చానండి," అని వీరాస్వామిగారు నాతో అన్నారు. "చెరువు అన్నచోట గది. చేప అన్నచోట సామగ్రి. గట్టు అన్నచోట గడప. మిగతాది ముట్టుకోలేదండి. నిలబడ్డ రాతని కదపకూడదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గదిపై పక్షులు వాలకుండా కాపలాదారు డబ్బా కొట్టవలెనని ఆరో షరతు. కాపలాదారు కొడుతున్నాడు. గడప మీద కొబ్బరి మొక్కలు నాటుకొను హక్కు మొదటి పార్టీదని తొమ్మిదో షరతు. హక్కు వదులుకుంటే ఆడిట్‌లో ప్రశ్న వస్తుందని శ్రీహరిగారు గడపకి రెండు వైపులా కుండీల్లో రెండు మొక్కలు పెట్టించారు. హైదరాబాద్ కంపెనీ లాయరు పధ్నాలుగు పేజీలూ చదివి ఒకే అభ్యంతరం చెప్పారు. కొబ్బరికాయల్లో తమకూ వాటా ఉండాలన్నారు. ఇచ్చారు.

సభ అయిన వారానికి ఒప్పందాన్ని ఆదర్శ ఒప్పందంగా అచ్చు వేయించి అన్ని జిల్లాలకూ పంపారు.

ఆగస్టు 3, ఆదివారం, గదిలో ఒక యంత్రంలోని కార్డు చెడిపోయింది. అరచెయ్యంత ఉంటుంది. అది పోతే ఆ పదకొండు లంకల్లో ఒకటైన నత్తలంకకి సిగ్నల్ పోతుంది. నత్తలంకలో నూట తొంభై ఇళ్లు ఉన్నాయి. వానాకాలం రోడ్డు నీళ్లలో ఉంటుంది. ఒడ్డున ఆరోగ్య శాఖ వాళ్ల ఇంజను పడవ ఒకటి ఉంది. ఫోను చేస్తే వస్తుంది.

సంస్థ టెక్నీషియన్ ఏసుకుమార్ సోమవారం ఉదయమే కొత్త కార్డు పట్టుకుని వచ్చాడు. పాతది తీసి కొత్తది పెట్టడానికి పది నిమిషాలు చాలునన్నాడు. పదకొండో షరతు ప్రకారం, సామగ్రి బయటికి తీస్తే అది పట్టుబడి, అంటే చెరువులో చేపలు పట్టడం. భాగస్తులందరూ గడప మీద ఉంటే తప్ప పట్టుబడి చెయ్యకూడదు. ఒకరు లేకుండా ఇంకొకరు పట్టేసుకుంటారని చెరువుల్లో ఈ షరతు పెడతారు.

భాగస్తులు గడప మీదికి చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది. 12వ తేదీ మంగళవారం మూడు తాళంచెవులూ ఒకచోటికి వచ్చాయి. ఏసుకుమార్ చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు హైదరాబాద్ కంపెనీ లాయరు నాలుగో షరతు చదివారు. కొత్త సామగ్రిని జూలై నెలాఖరులోగా వదలవలెను. ఆ తర్వాత వదిలినచో చెల్లదు.

"అది చేప పిల్ల గురించండి," అన్నాడు ఏసుకుమార్.

"ఇందులో చేప అన్న మాటే లేదు," అన్నారు లాయరు. కాగితం తిప్పి చూపించారు. లేదు.

ముగ్గురూ తాళంచెవులు జేబుల్లో వేసుకుని భోజనానికి వెళ్లారు.

నాలుగో షరతుకి ఒక మినహాయింపు ఉంది. వదిలిన సామగ్రి చనిపోయిందని మత్స్యశాఖ ధ్రువీకరిస్తే గడువు దాటాక కూడా మళ్లీ వదలొచ్చు. శ్రీహరిగారు అదే రోజు లెటర్ పెట్టారు. 14వ తేదీ గ్రామ మత్స్య సహాయకురాలు ఇందుజ స్కూటీ మీద వచ్చింది. ఫారం తీసింది. జాలీలోంచి చాలాసేపు చూసింది. ఎప్పటి నుంచి మేత తినడం లేదని అడిగింది. మూడో తేదీ నుంచని ఏసుకుమార్ చెప్పాడు. రాసుకుంది. ఆ తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది.

"పైకి తేలిందా అండి?"

"కార్డు తేలదు మేడమ్."

"తేలకపోతే చచ్చిపోయినట్టు రాయలేనండి. జబ్బుగా ఉందని రాస్తాను. సున్నం చల్లి నాలుగు రోజులు చూడండి."

సున్నం చల్లడానికి మూడు తాళాలు తియ్యాలి. చల్లలేదు.

17వ తేదీ ఆదివారం నత్తలంక నర్సు దీవెన, ఆ ఊరి కృపమ్మ కలిసి దోనెలో రెండు గంటలు తెడ్డు వేసుకుని ఒడ్డుకి వచ్చారు. అక్కణ్ణుంచి ఆటోలో ఏలూరు వచ్చి శ్రీహరిగారి ఇంటికి వెళ్లారు. కృపమ్మ కోడలు ప్రసన్నకి నెలలు నిండాయి. 19న కాన్పు అవుతుందని డాక్టరు రాశారు. నేను అక్కడ వేరే పని మీద ఉన్నాను.

ముందే ఆసుపత్రిలో చేర్పించొచ్చు కదా అని శ్రీహరిగారు అడిగారు. తీసుకెళ్లామని, మంచాలు ఖాళీ లేవు, నొప్పులొచ్చాక ఫోను చెయ్యండి, పడవ పంపిస్తామని వెనక్కి పంపారని దీవెన చెప్పింది.

"మరి చెయ్యండి," అన్నారు శ్రీహరిగారు.

దీవెన తన ఫోను తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "ఊళ్లో ఇది పలికి రెండు వారాలైందండి," అంది.

ఆయన దాన్ని పక్కకి జరిపారు. ఒప్పందం తప్పని రాయడం తనకి కష్టం కాదన్నారు. కానీ మంత్రిగారు ఆదర్శం అన్నాక అందులో తప్పుంటే ఆ తప్పు కూడా ఆదర్శమే అవుతుందని, అన్ని జిల్లాలకూ వెళ్లిందని చెప్పారు. సవరించడానికి ఒక కమిటీ వెయ్యాలని, కమిటీ వేసినట్టు తెలిస్తే తప్పున్నట్టు తెలుస్తుందని చెప్పారు.

"అయ్యా, నాకు కమిటీ వద్దండి," అంది కృపమ్మ. "మా చెరువు లీజు కూడా ఆ వీరాస్వామిగారే రాశారు. వరదొస్తే ఏంటో రాసుంటారు కదా, ఆ కాయితం చదవండి."

శ్రీహరిగారు కళ్లజోడు పెట్టుకుని పదమూడో షరతు పైకి చదివారు. గడప మునుగునట్లు నీరెక్కినచో ఒప్పందము ఆ దినమునకు నిలిచిపోవును. సామగ్రిని ఎవరైనను పట్టుకొనవచ్చును, వదలవచ్చును.

"గట్టు తెగాక చేప ఎవడి వల్లో పడితే వాడిదే కదండీ," అని కృపమ్మ లేచింది. "మీ గడప ఎంతుంటాది?"

నాలుగంగుళాలు.

నీళ్లు తోడే ఇంజను దొరకడానికి ఒక రోజు పట్టింది. దీవెన ప్రసన్న దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. కృపమ్మ ఉండిపోయింది. 19వ తేదీ మంగళవారం మధ్యాహ్నం 1.15కి పక్క చెరువు ఆయిల్ ఇంజను స్టార్ట్ చేసి, దాని గొట్టం ఎక్స్ఛేంజి కిటికీలోంచి జాలీ గదిలోకి పెట్టారు. యంత్రాలు అడుగున్నర ఎత్తు దిమ్మ మీద ఉన్నాయి. కాపలాదారు డబ్బా కొడుతూనే ఉన్నాడు. 2.20కి నీళ్లు గడప దాటి వరండాలోకి వచ్చాయి. ఒక కొబ్బరి కుండీ పక్కకి వాలింది.

ఇది వరదేనా అని విజయవాడ కంపెనీ మనిషి ఫోనులో అడిగారు. శ్రీహరిగారు ఫోను, పిలిపిస్తే వచ్చి పక్కన నిలబడ్డ వీరాస్వామిగారికి ఇచ్చారు.

"నీరెక్కినచో అని రాశానండి," అన్నారు వీరాస్వామిగారు. "ఎవరెక్కించారని రాయలేదు. అది ఏ లీజులోనూ అడగరండి."

శ్రీహరిగారు రిజిస్టరులో వరద రాక 2.20 అని రాసి సంతకం పెట్టారు. ఏసుకుమార్ మూడు తాళాలూ రంపంతో కోశాడు. ప్యాంటు మడుచుకుని లోపలికి వెళ్లాడు. పాత కార్డు తీసి కొత్తది పెట్టాడు. ఎనిమిది నిమిషాలు పట్టింది. 2.50కి నత్తలంకకి సిగ్నల్ వచ్చింది.

ప్రసన్నకి ఉదయం పదకొండు నుంచి నొప్పులు. దీవెన ఆమె పక్కనే కూర్చుని ఉంది. 2.51కి దీవెన ఫోను మోగింది. ఊళ్లో అన్ని ఫోన్లూ మోగాయి.

"నమస్కారం. నేను మీ చలపతిరావుని. మీ ఊరికి సిగ్నల్ నిరంతరాయంగా అందుతోంది. మీరు సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కి, మా ప్రతినిధి మాట్లాడేవరకు లైనులో ఉండండి."

రికార్డు చేసిన కాల్ అది. మంత్రిగారి శాఖ రోజుకొకటి చేస్తుంది. అందని కాల్స్ అన్నీ అందేదాకా మళ్లీ మళ్లీ వెళ్లేలా పెట్టారు. నత్తలంకలో ఒక్కో ఫోనుకి పదహారు బాకీ ఉన్నాయి.

దీవెన రెండు నొక్కింది. సన్నాయి వచ్చింది. ఐదు నిమిషాలు విని పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. పెట్టేస్తే మోగుతోంది, రెండు నొక్కితే సన్నాయి వస్తోంది. ఒకటి నొక్కితే ఆ కాల్ పోయి, తర్వాత రోజుది వస్తోంది. ఊళ్లో ఫోన్లన్నీ మోగుతుంటే తన కాల్ బయటికి వెళ్లడం లేదు. ఆమె వీధిలోకి వచ్చి గట్టిగా చెప్పింది. అందరూ ఒకటి నొక్కండి, పదహారుసార్లు నొక్కండి, ప్రసన్న కోసం నొక్కండి అని చెప్పింది. చర్చిలో మైకు పెట్టి కూడా చెప్పారు. నొక్కడం రానివాళ్ల ఫోన్లు పక్కింటివాళ్లు తీసుకుని నొక్కారు.

3.34కి దీవెన ఫోను పడవకి కలిసింది. పడవ 4.20కి వచ్చింది. ప్రసన్న 5.05కి పడవలోనే, కొల్లేటి మధ్యలో, ప్రసవించింది. ఆడపిల్ల. ఏలూరు ఆసుపత్రిలో తూచారు. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. ఇద్దరినీ వరండాలో పడుకోబెట్టారు.

రాత్రికి గదిలో నీళ్లు తీశాయి. ఒప్పందం మళ్లీ అమల్లోకి వచ్చింది. 20వ తేదీ బుధవారం భాగస్తులు ముగ్గురూ ఉదయం తొమ్మిదికే గడప మీదికి వచ్చారు. వరదలో వదలొచ్చని ఉందే గానీ వరద పోయాక ఉంచొచ్చని లేదని, గడువు దాటి వదిలిన సామగ్రి గదిలో ఉందని హైదరాబాద్ కంపెనీ లాయరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. 9.15కి, ముగ్గురి సమక్షంలో, కార్డు తీశారు.

11 గంటలకి మంత్రిగారి కార్యాలయం పత్రికా ప్రకటన విడుదల చేసింది. సిగ్నల్ సంతృప్తి సర్వేలో రాష్ట్రంలోని గ్రామాలన్నిటిలోకీ నత్తలంక ప్రథమ స్థానంలో నిలిచింది. 412 ఫోన్లకి 412 సంతృప్తి. ఊరికి ఆదర్శ గ్రామం షీల్డు ఇస్తారు. అందుకోవడానికి ఎవరొస్తారో కనుక్కోమని శ్రీహరిగారికి చెప్పారు.

శ్రీహరిగారు సాయంత్రం ఐదు దాకా నత్తలంకకి ఫోను చేశారు. కలవలేదు.